టెక్సాస్‌లో టీచర్ కావాలంటే: ఇంటర్న్‌షిప్ మేలా, క్లినికల్ టీచింగ్ మేలా?

నెలకు ఇద్దరైనా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. గుడి క్యాంటీన్‌లో దోశల కోసం లైన్లో నిలబడినప్పుడో, పిల్లల బర్త్‌డే పార్టీలో పేపర్ ప్లేట్లు సర్దుతున్నప్పుడో. "అక్కా, నాకు ఈఏడీ (ఇక్కడ పనిచేయడానికి అనుమతి కార్డు) వచ్చింది. స్కూల్లో టీచర్‌గా చేరాలని ఉంది. ఏ ప్రోగ్రామ్ అయితే త్వరగా అయిపోతుంది?"

డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. పిల్లలు స్కూలుకు వెళ్లిపోయాక ఇంట్లో ఒంటరిగా కూర్చునే ఆడవాళ్లలో ఎంఎస్సీ మ్యాథ్స్ చేసినవాళ్లు, ఇండియాలో పదేళ్లు పాఠాలు చెప్పినవాళ్లు, నాలాగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి మానేసినవాళ్లు అందరూ ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: "ఎంత త్వరగా" అన్నది తర్వాత చూద్దాం. ముందు "మొదటి మూడు నెలలు క్లాసులో నా పక్కన ఎవరుంటారు?" అని అడగండి. ఇంటర్న్‌షిప్, క్లినికల్ టీచింగ్ అనే రెండు దారుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

ముందు ఒక సందేహం తీర్చాలి. ఎడ్యుకేషన్‌లో డిగ్రీ లేకుండా ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ద్వారా రావడం దొడ్డిదారి కాదు. టీచర్ల కొరత తీర్చడానికి హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) 1985లోనే ఇలాంటి ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రైవేటు సంస్థలు, బడులకు సాయపడే రీజినల్ సర్వీస్ సెంటర్లు, డాలస్ లాంటి పెద్ద డిస్ట్రిక్టులు కూడా నడుపుతున్నాయి. నా స్కూలు స్టాఫ్ రూములో ఈ దారిన వచ్చినవాళ్లు నాతో కలిపి చాలామందే ఉన్నాం. చివర్లో చేతికొచ్చే స్టాండర్డ్ సర్టిఫికెట్ మీద మీరు ఏ దారిన వచ్చారో చూసి ఎవరూ తక్కువ చేయరు.

మొదటి మెట్లు ఎవరికైనా ఒకటే. మన డిగ్రీని ఇక్కడి బ్యాచిలర్స్‌కు సమానమని గుర్తింపున్న సంస్థతో మదింపు చేయించాలి. నాలుగేళ్ల బీటెక్ వాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ వాళ్లు మాత్రం డబ్బు కట్టే ముందే ఏ సంస్థ ఎలా లెక్కగడుతుందో, పీజీని కలుపుకుంటారో లేదో కనుక్కోవాలి. ప్రోగ్రామ్‌లో చేరడానికి మామూలుగా జీపీఏ 2.5 అడుగుతారు. మొత్తం 300 గంటల కోర్సు ఉంటుంది, అందులో 150 గంటలు క్లాసులోకి అడుగుపెట్టక ముందే పూర్తవ్వాలి. మీ సబ్జెక్టులో టెక్సెస్ అనే రాష్ట్ర టీచర్ల పరీక్ష రాయాలి. పాఠం చెప్పే పద్ధతి, బాధ్యతల మీద పీపీఆర్ అనే ఇంకో పరీక్ష ఉంటుంది. రెండింటికీ పాస్ స్కోరు 240. ఒక్కో పరీక్షకు ఐదే అవకాశాలు కాబట్టి "ఒకసారి రాసి చూద్దాంలే" అనుకోకండి. ఎలిమెంటరీ స్థాయి ఎంచుకుంటే చదవడం నేర్పే శాస్త్రం మీద మరో పరీక్ష అదనం.

ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది.

ఇంటర్న్‌షిప్ అంటే పేరుకే ఇంటర్న్. సబ్జెక్టు పరీక్ష పాసై, కావలసిన గంటలు పూర్తయ్యాక ఉద్యోగం మీరే వెతుక్కోవాలి. డిస్ట్రిక్ట్ తీసుకుంటే మీ పేరు మీద ఏడాది ఇంటర్న్ సర్టిఫికెట్ వస్తుంది. ఆగస్టులో మొదటి రోజు నుంచి తలుపు మీద మీ పేరు, రోల్‌లో మీ పిల్లలు, పూర్తి జీతం. డాలస్ చుట్టుపక్కల కొత్త టీచరు జీతం ఏడాదికి 60,000 డాలర్ల పైనే ఉంటోంది. ప్రోగ్రామ్ ఫీజు నాలుగైదు వేల డాలర్లు. చాలాచోట్ల చేరేటప్పుడు కొద్దిగా కట్టి, మిగతాది జీతం మొదలయ్యాక నెలనెలా కట్టొచ్చు.

క్లినికల్ టీచింగ్‌లో మీరు ఎవరి ఉద్యోగీ కారు. అనుభవమున్న టీచరు క్లాసులో సుమారు 14 వారాలు ఫుల్‌టైమ్ ఉంటారు. మొదట చూస్తారు, తర్వాత చిన్న గుంపుకు చెబుతారు, ఆపైన క్లాసు మొత్తం మీ చేతికొస్తుంది. మామూలుగా జీతం ఉండదు. ఆ తర్వాత రెండు పరీక్షలూ పాసై ఉంటే నేరుగా స్టాండర్డ్ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తారు.

డబ్బు లెక్క చూస్తే ఇంటర్న్‌షిప్పే గెలుస్తుంది, అందులో వాదనే లేదు. నేనూ ఆ లెక్క చూసే ఇంటర్న్‌షిప్ తీసుకున్నాను. ఆరో తరగతి మ్యాథ్స్, పీరియడ్‌కు ఇరవై ఎనిమిది మంది.

మొదటి వారం బోర్డు మీద ఒక లెక్క రాసి "బ్రాకెట్స్ ముందు చేయాలి, బాడ్‌మాస్ గుర్తుపెట్టుకోండి" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ వాటిని పెరెంతసీస్ అంటారు, సూత్రం పేరు పెమ్‌డాస్. అది పది నిమిషాల్లో సర్దుకుంది, ఎందుకంటే లెక్కలు నాకు వచ్చు. రానిది వేరే ఉంది. బెల్ మోగుతుంది, ఇరవై ఎనిమిది మంది ఒకేసారి లోపలికొస్తారు. ఇద్దరు పెన్సిల్ చెక్కుకోవడానికి వెళ్తారు, ఒకడు బాత్రూమ్ పాస్ అడుగుతాడు, ఇంకొకడు తల డెస్క్ మీద పెట్టి లేవడు, వెనక ఎవరో ఎవరి బ్యాగునో తంతారు. వాళ్లు కుదురుకునేసరికి పన్నెండు నిమిషాలు పోయేవి. రోజుకు ఆరు పీరియడ్లు. సెప్టెంబర్ అంతా ఇంటికొచ్చి కారులోనే కాసేపు కూర్చుని, ఏడుపు ఆగాక లోపలికి వెళ్లేదాన్ని.

నా పక్క వీధిలో ఉండే అమ్మాయి అదే ఏడాది క్లినికల్ టీచింగ్ చేసింది. వాళ్ల మెంటర్ టీచరు బెల్‌కు ముందే వెళ్లి తలుపు దగ్గర నిలబడేదట. ఒక్కొక్కరినీ పేరుతో పలకరిస్తూ లోపలికి పంపేదట. బోర్డు మీద రెండు లెక్కలు ముందే రాసి ఉండేవి, చెక్కిన పెన్సిళ్లు డబ్బాలో సిద్ధంగా ఉండేవి. పిల్లలు కూర్చోగానే పని మొదలు. ఆ అమ్మాయి ఇదంతా మొదటి రోజే చూసింది. నాకు నవంబర్‌లో గానీ తెలియలేదు, అదీ కాఫీ తెచ్చుకుంటూ పక్క క్లాసులోకి తొంగిచూసినందుకు.

నాకూ మెంటర్ ఉంది. మంచి మనిషి, కానీ నా పీరియడ్ జరిగేటప్పుడు ఆవిడకూ క్లాసు ఉండేది. ప్రోగ్రామ్ తరఫున ఫీల్డ్ సూపర్‌వైజర్ ఏడాదిలో ఐదుసార్లు వచ్చారు, ఒక్కోసారి 45 నిమిషాలు. కూడితే మూడు గంటల 45 నిమిషాలు. స్కూలు సంవత్సరం మొత్తంలో నన్ను చూసి, నువ్విలా చేయమని చెప్పిన సమయం అంతే. మొదటిసారి వచ్చేసరికే సెప్టెంబర్ మూడో వారం. అప్పటిదాకా నా దగ్గర పోయిన పన్నెండేసి నిమిషాలు ఆ పిల్లలవి. వాళ్లకు ఆరో తరగతి మళ్లీ రాదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అలాగని ఇంటర్న్‌షిప్ అందరికీ తప్పని అనను. ఇండియాలో బీఎడ్ చేసి, అరవై మంది క్లాసును కంటిచూపుతో నిలబెట్టినవాళ్లకు ఇది చక్కగా నప్పుతుంది. పేపర్ల మీద బీఎడ్ ఒక్కటే సరిపోదు, పరీక్షలు ఎలాగూ రాయాలి, కానీ క్లాసులో అది బాగా అక్కరకొస్తుంది. వాళ్లు కొత్తగా నేర్చుకోవలసింది ఇక్కడి పద్ధతులు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తల్లిదండ్రులతో కూర్చునే ఆర్డ్ మీటింగులు, ఇంటికి రాసే ఈమెయిళ్ల తీరు, పిల్లవాడిని నలుగురిలో మందలించకూడదన్న నియమం లాంటివి. అవి ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవచ్చు. క్లాసు ముందు ఎప్పుడూ నిలబడనివాళ్లకే నా హెచ్చరిక. వీకెండ్ తెలుగు బడిలో పది మందికి అక్షరాలు నేర్పిన అనుభవం మంచిదే, కానీ అక్కడి పిల్లల అమ్మానాన్నలు బయటే కూర్చుని ఉంటారు.

వీసా సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఇంటర్న్‌షిప్ అంటే ఒక పూర్తి స్కూలు సంవత్సరం. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ల ఈఏడీ మధ్యలో ముగిస్తే ఉద్యోగం ఆపేయాలి. ఇంతకుముందు గడువులోపు రెన్యువల్ పెట్టుకుంటే ఆటోమేటిక్ పొడిగింపు దొరికేది. 2025 అక్టోబర్ 30 నుంచి దాఖలు చేసేవాటికి అది తీసేశారు. కాబట్టి మీ కార్డు మీద తేదీ వచ్చే జూన్ దాటి ఉందో లేదో చూసుకున్నాకే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టండి. ఎల్-2 వీసా మీద వచ్చిన జీవిత భాగస్వాములకు 2021 నవంబర్ నుంచి వేరే ఈఏడీ అక్కర్లేదు కాబట్టి ఈ టెన్షన్ తక్కువ.

సంతకం అన్నాను కాబట్టి ఇంకో విషయం. టెక్సాస్‌లో టీచరు కాంట్రాక్ట్ తేలికైనది కాదు. బడి మొదలయ్యే రోజుకు 45 రోజుల ముందు వరకే ఇబ్బంది లేకుండా రాజీనామా చేయగలరు. ఆ తర్వాత సరైన కారణం లేకుండా వదిలేస్తే, డిస్ట్రిక్ట్ ఫిర్యాదు చేస్తే సర్టిఫికెట్ మీదే చర్య ఉండొచ్చు. ఇంటర్న్‌షిప్‌లో "నా వల్ల కావట్లేదు" అని అక్టోబర్‌లో అనిపిస్తే బయటపడటం అంత సులువు కాదు. క్లినికల్ టీచింగ్‌లో అదే అనిపిస్తే పోయేది ఫీజు, సమయం మాత్రమే. పిల్లలకు వాళ్ల టీచరు ఉండనే ఉంటుంది.

మీవారి ప్రాజెక్ట్ ఎప్పుడైనా వేరే రాష్ట్రానికి మారేలా ఉంటే అది కూడా చూసుకోండి. స్టాండర్డ్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఇంకో రాష్ట్రంలో మార్పించుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. సగంలో ఉన్న ఇంటర్న్‌షిప్‌కు ఆ విలువ రాదు. క్లినికల్ టీచింగ్ ఒక్క సెమిస్టర్‌లో ముగుస్తుంది, ఇది దాని పక్షాన బలమైన మాట.

మరి యూనివర్సిటీ? యూటీ డాలస్, డెంటన్‌లోని యూఎన్‌టీ లాంటి చోట్ల డిగ్రీ అయినవాళ్లు సర్టిఫికెట్ కోసం చేరే దారులున్నాయి. బోధన లోతుగా నేర్పుతారు, మాస్టర్స్ కూడా కలిసొచ్చే వీలుంటుంది. కానీ ఖర్చు చాలా ఎక్కువ, కాలమూ ఎక్కువ. ఏడాదంతా మెంటర్ పక్కన ఉండి నేర్చుకునే రెసిడెన్సీలు ఈ మధ్య పెరుగుతున్నాయి, కొన్నిచోట్ల స్టైపెండ్ కూడా ఇస్తున్నారు. మీ డిస్ట్రిక్ట్‌లో అది దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా తీసుకోండి. సర్టిఫికెట్ లేకుండానే తీసుకుంటామనే స్కూళ్లు కూడా ఉన్నాయి. 2023-24లో టెక్సాస్ కొత్తగా తీసుకున్న టీచర్లలో మూడింట ఒక వంతు మంది అలా వచ్చినవాళ్లే. 2025లో వచ్చిన హౌస్ బిల్ 2 అనే రాష్ట్ర చట్టం ఆ వెసులుబాటును ముఖ్యమైన సబ్జెక్టుల్లో దశలవారీగా తగ్గిస్తోంది. అటు వెళ్లకండి.

డబ్బు అవసరం నిజంగా ఉండి, ఇంటర్న్‌షిప్ తప్పదనుకుంటే రెండు పనులు చేయండి. మొదటిది, చేరే ముందు ఒక సెమిస్టర్ సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా (సెలవు పెట్టిన టీచరు బదులు) వెళ్లండి. రోజుకు వంద డాలర్ల చుట్టూ వస్తుంది, కానీ వేర్వేరు క్లాసులు, వేర్వేరు టీచర్ల పద్ధతులు కళ్లారా చూస్తారు. ఏ వయసు పిల్లలతో మీకు ఓపిక నిలుస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది. అలా చేసి ఉంటే నేను మిడిల్ స్కూల్ వద్దనుకునేదాన్నేమో. రెండోది, వీడియోలు చూసి క్విజ్‌లు క్లిక్ చేస్తే అయిపోయే ప్రోగ్రామ్ కాకుండా, మనుషులు ఎదురెదురుగా కూర్చుని నేర్పేది ఎంచుకోండి. రిచర్డ్‌సన్‌లోని రీజియన్ 10 సెంటర్, డిస్ట్రిక్టులు సొంతంగా నడిపేవి ముందు కనుక్కోండి. "ఇంటర్న్‌షిప్ మొదటి నెలలో మీ సూపర్‌వైజర్ ఎన్నిసార్లు వస్తారు?" అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టకండి.

ఆరు నెలలు జీతం లేకుండా ఇల్లు నడపగలిగినవాళ్లు, క్లాసు ముందు ఇంతవరకు నిలబడనివాళ్లు మాత్రం క్లినికల్ టీచింగే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పోయిన నెల గుడి దగ్గర అడిగిన అమ్మాయికి కూడా అదే చెప్పాను. ఎనిమిదేళ్లు బ్యాంకులో చేసింది, పిల్లలంటే ప్రాణం. జనవరి సెమిస్టర్‌కు స్కూలు దొరకాలంటే మా ప్రోగ్రామ్‌లో సెప్టెంబర్‌లోనే దరఖాస్తు ముగిసేది, మీ దాంట్లో ఎప్పుడో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కో అన్నాను. మర్నాడు పొద్దున్నే మెసేజ్ పెట్టింది: "అక్కా, ఇంకా పదకొండు రోజులు ఉంది. మార్కుల మెమోలన్నీ మా నాన్న బీరువాలో ఉన్నాయి, గుంటూరు నుంచి కొరియర్ చేయిస్తున్నా."