పసిపాప ఫొటోలకు కిటికీ మేలా, ఫ్లాషు మేలా?

బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరికి బిడ్డ పుట్టినా నెల తిరగకుండా నాకు ఫోను వస్తుంది. కెమెరా ఉంది, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు ఉంది, ఫొటోలు మాత్రం బాగా రావడం లేదు, ఫ్లాషు కొనమంటావా, ఎల్‌ఈడీ దీపం కొనమంటావా అని. నేను ఏదో ఒక మోడల్ పేరు చెబుతానని ఎదురుచూస్తారు. మీ ఇంట్లో పెద్ద కిటికీ ఏ గదిలో ఉంది అని ఎదురు అడిగితే, మాట తప్పిస్తున్నానని అనుకుంటారు.

తప్పించడం లేదు. మూడూ వాడినవాణ్ణి, మూడింటితోనూ ఫొటోలు చెడగొట్టినవాణ్ణి కాబట్టే అలా అడుగుతాను. ఈమధ్య మా అక్క కూతురికి ఐదు వారాలు నిండినప్పుడు రెండు రోజుల్లో వాటన్నిటినీ మార్చి మార్చి వాడి చూసే వీలు దొరికింది. ఈ పోలికంతా దాని ఫలితమే.

కెమెరా నెత్తిన టక్కున పైకి లేచే చిన్న ఫ్లాషును, ఫోనులోని ఫ్లాషును ముందే పక్కన పెట్టేస్తున్నాను. లెన్సు చూసే వైపు నుంచే ఆ వెలుగూ వెళ్తుంది కాబట్టి ముఖం మీద నీడ అన్నది మిగలదు. నీడ లేని ముఖానికి గుండ్రదనం ఉండదు, బుగ్గలు పళ్లెంలా చదునుగా వస్తాయి. నుదుటి మీద జిడ్డు మెరుపు, కళ్లలో ఎర్రటి చుక్కలు అదనం. ఫ్లాషు వల్ల పాప చూపు దెబ్బతింటుందని చాలామంది భయపడతారు. మామూలు ఫ్లాషుతో అలాంటి ప్రమాదం ఉందనడానికి ఆధారం లేదు. పాప ఉలిక్కిపడుతుంది, అంతే. కానీ ఒక మాట. ఫ్లాషు ఫొటోల్లో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పదే పదే కనిపిస్తుంటే దాన్ని ఫొటో లోపమని వదిలేయకండి, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. చాలాసార్లు అది వెలుగు పడిన కోణం వల్లనే కావచ్చు. కానీ పసిపిల్లల్లో వచ్చే రెటీనా క్యాన్సర్ కూడా కొన్నిసార్లు ఇలాగే మొదట ఫొటోల్లో బయటపడుతుంది.

అసలు పోటీ కిటికీకీ, తల తిప్పగలిగే విడి ఫ్లాషుకూ మధ్య.

మొదటి రోజు సాయంత్రం ఫ్లాషు తీశాను. పాపను మంచం మీద పడుకోబెట్టి, ఫ్లాషు తలను కప్పు వైపు తిప్పి నొక్కాను. నిలబడిన మనిషికైతే ఇది తిరుగులేని పద్ధతి, వెలుగు పైనుంచి మెత్తగా దిగుతుంది. వెల్లకిలా పడుకున్న పాపకు మాత్రం ఆ కప్పే ఎదురుగా ఉంటుంది. మళ్లీ అదే చదును ముఖం, కాకపోతే కాస్త మృదువుగా. దానికి విరుగుడు నాకు తెలుసు: పాప తల వెనక ఉన్న గోడ మీదికి కొట్టాలి. గోడ మీదికి కొట్టాను. ఆ గది గోడలది లేత ఆకుపచ్చ రంగు. తెల్లగోడ అయితే వెలుగును తెల్లగా తిప్పి పంపుతుంది, ఆకుపచ్చ గోడ ఆకుపచ్చగానే పంపుతుంది. పాప బుగ్గలు పచ్చి జామకాయల్లా వచ్చాయి. కంప్యూటర్‌లో రంగు సరిచేయబోతే ఆకుపచ్చ పోయిందిగానీ పెదవులు వంకాయ రంగుకు తిరిగాయి.

మర్నాడు ఉదయం కిటికీ. ఇక్కడా మొదట తప్పే చేశాను. పరుపు నేల మీద వేసి, తీసేందుకు వీలుగా ఉందని పాప కాళ్లు కిటికీ వైపు వచ్చేలా పడుకోబెట్టాను. వెలుగు బాగుంది, పాప హాయిగా మెలకువగా ఉంది, చిటికెన వేలు నోట్లో పెట్టుకోబోయి ముక్కులో పెట్టుకుంటోంది. నాలుగు ఫొటోలు తీసి అక్కకు చూపించాను. "ఏమిటిరా ఇది, పిల్ల దయ్యంలా ఉంది!" అంది. నిజమే. గడ్డం కింద వెలుగు, ముక్కు నీడ పైకి ఎగబాకి నుదుటి మీద పడింది. చిన్నప్పుడు గడ్డం కింద టార్చి వెలిగించుకుని ఒకరినొకరు భయపెట్టుకునేవాళ్లం, సరిగ్గా అది.

పరుపును సగం చుట్టు తిప్పాను. పాప తల కిటికీ వైపు వచ్చింది, ఒక కణత కిటికీకి కొద్దిగా దగ్గరగా ఉండేలా ఏటవాలుగా. అదే కెమెరా, అదే లెన్సు, అదే వెలుగు, మధ్యలో గడిచింది ఒక నిమిషం. ముక్కు నీడ చిన్న ముక్కోణంలా పెదవి పక్కకు దిగింది. బుగ్గకు గుండ్రదనం వచ్చింది. కంటి నల్లగుడ్డు మీద పైభాగాన కిటికీ తెల్లటి చుక్కలా మెరిసింది. పై పెదవి మీద పాలు తాగి తాగి ఏర్పడిన చిన్న పొక్కు కూడా కనిపించింది. అంతకుముందు తీసిన ఏ ఫొటోలోనూ అది లేదు.

నా దృష్టిలో తేల్చే విషయం ఇదే: వెలుగు ఎంత ఉందన్నది కాదు, ముఖం మీదికి ఎటునుంచి దిగుతోందన్నది. మనం మనుషుల ముఖాలను పుట్టినప్పటినుంచీ పైనుంచి పడే వెలుగులోనే చూస్తున్నాం. అది తల్లకిందులైతే ఏదో తేడాగా ఉందని కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా. కిటికీ గొప్పతనం ఏమిటంటే, ఆ దిక్కును నొక్కకముందే చూసుకోవచ్చు. ఫ్లాషు వెలుగు కన్నుమూసి తెరిచేలోపు పోతుంది, ఎటు పడిందో తెలియాలంటే తీసిన ఫొటో చూడాలి, సరిచేసి మళ్లీ తీయాలి. చేయి తిరిగినవాడికి ఫర్వాలేదు. ఐదు వారాల పాప మాత్రం మనకు ఇచ్చే మంచి మూడ్ పది పదిహేను నిమిషాలే. వాటిలో సగం కెమెరా తెర చూసుకోవడానికే పోతే ఇక తీసేదేముంది?

ఇంకో లాభం నేను అనుకోనిది. ఆ వయసు పిల్లలకు స్పష్టంగా కనిపించేది దాదాపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే, అంటే ఎత్తుకున్న తల్లి ముఖం ఉండేంత దూరం. మన కెమెరా వాళ్లకు మసక మచ్చ. వెలుగూ చీకటీ కలిసే అంచులు మాత్రం వాళ్లను బాగా ఆకట్టుకుంటాయి. పాప కిటికీ చట్రం వైపు చూపు నిలిపి ఉండిపోయింది. గిలక్కాయ ఆడించాల్సిన పని పడలేదు.

కిటికీకి కావాల్సిన హంగులు తక్కువే. నేరుగా ఎండ పడుతుంటే పల్చటి తెల్ల తెర వేయండి. గదిలో బల్బులు ఆర్పేయండి, ఇది చాలామంది మరిచిపోతారు. వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో పగటి వెలుగు 5500 దగ్గర ఉంటే పసుపుపచ్చటి బల్బు 2700 దగ్గర ఉంటుంది, రెండూ కలిస్తే ఒక బుగ్గ నీలంగా, ఒక బుగ్గ పసుపుగా వస్తుంది, ఏ కెమెరా రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. నీడ మరీ నల్లగా ఉంటే కిటికీకి ఎదురు వైపు తెల్ల దుప్పటి నిలబెట్టినట్టు పట్టుకుంటే చాలు. మీరూ ముదురు రంగు చొక్కా వేసుకోకండి. నా ఎర్ర టీషర్టు పాప మెడ మీద ఎర్రగా ప్రతిఫలించిందని చాలాసేపటిదాకా గమనించలేదు, ఒళ్లు కాలుతోందేమోనని అక్క కంగారుపడి చేత్తో తాకి చూసింది. కెమెరా పట్టీ మెడలోనే ఉండాలి, పాప మీదికి వంగి తీసేటప్పుడు మరీ ముఖ్యం. నేల మీద పరుపే ఎందుకంటే, అక్కడినుంచి పడడానికి ఇంకేమీ లేదు.

కిటికీ ఓడిపోయే చోటు కూడా చెప్పాలి. పొద్దు వాలాక, మబ్బు పట్టినప్పుడు దాన్ని నమ్ముకోలేం. పాప పాకడం మొదలుపెట్టాక కిటికీ పక్కనే ఉండమంటే ఉండదు. గది లోపలికి నాలుగడుగులు పాకిందంటే వెలుగు బాగా తగ్గిపోతుంది, షట్టరు నెమ్మదించి చేతులు, కాళ్లు చెదిరిపోతాయి. అక్కడ తెల్ల కప్పు మీదికి కొట్టిన ఫ్లాషుదే పైచేయి. కూర్చున్న పాపకు, పాకే పాపకు కప్పు పైనే ఉంటుంది కాబట్టి దిక్కు కూడా సరిపోతుంది. పైగా ఫ్లాషు మెరుపు చాలాసార్లు సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు, ఎంత ఉరుకులాట అయినా బిగుసుకుపోయినట్టు పట్టేస్తుంది. ఆరేడు నెలలు దాటిన పాప ఉంటే, తెల్ల గోడల ఇల్లయితే, ఫ్లాషు కొంటానంటే నేను వద్దనను.

ఎల్‌ఈడీ దీపం సంగతి రెండు ముక్కల్లో. వెలుగు ఎటు పడుతోందో ముందే కనిపించడం దాని సుగుణం. చిన్న పలకయితే వెలుగు గరుకుగా ఉంటుంది, పెద్దదైతే గదంతా అదే ఆక్రమిస్తుంది, పాప కళ్లు చికిలిస్తుంది. వీడియోలు కూడా తీసేవాళ్లయితే ఆలోచించవచ్చు.

ఇక లెన్సు. కిటికీని ఎంచుకున్నవాళ్లకు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు నిజంగా అక్కరకొస్తుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుని అంత వెలుగు తీసుకుంటుంది. ఆ ఉదయం కిటికీకి మూడడుగుల దూరంలో ఎఫ్/2.8, షట్టరు సెకనులో 1/250, ఐఎస్ఓ (అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 800 సరిపోయింది. 18-55 లెన్సును 55 దగ్గర పెడితే ఎఫ్/5.6 మించి తెరుచుకోదు, అదే ఫొటోకు ఐఎస్ఓ 3200 కావాలి. అలాగని 1.8కి తెరిచి ముద్దుగా మసకబారిందని మురిసిపోకండి. చిన్న సెన్సరు కెమెరాతో మీటరు దూరంనుంచి తీస్తే పదునుగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్ల లోపే, కనురెప్పలు బాగుంటే చెవులు కరిగిపోతాయి. ఫోనుతో తీసేవాళ్లు దగ్గరికి దూరకుండా, ఒకడుగు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే ముక్కు పెద్దదిగా రాదు. వెనకదంతా మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ పసిపిల్లల నూగు జుట్టును కత్తిరించేస్తుంది, అందుకే నాకు నచ్చదు.

అక్క ఆ పరుపును కిటికీ దగ్గరే ఉంచేసింది. పాప పాకడం మొదలుపెట్టాక ఫ్లాషు అరువివ్వమని ఇప్పటినుంచే అడుగుతోంది. ఇస్తానన్నాను, ఆ ఆకుపచ్చ గదిలోకి మాత్రం తీసుకెళ్లవద్దన్నాను.