మూడు చలికాలాలు వాడిన రెండు చేతిపనుల పుస్తకాలు

ఒట్టావాలో మా వీధిలోనే గ్యారేజ్ సేల్ పెడితే ఈ రెండు పుస్తకాలూ తెచ్చాను. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు, ఇప్పుడు తొమ్మిది. ఒకటి ఇంట్లో దొరికే వస్తువులతో చేసే బొమ్మలది. రెండోది కెనడా ఉత్తరాది మంచు ప్రాంతాల ఆదివాసులైన ఇనుయిట్‌ల జీవితం గురించి చెబుతూ మధ్యమధ్యలో చేతిపనులు నేర్పుతుంది.

మొదటిదాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సాక్సు బొమ్మలు, అట్ట గొట్టాల రాకెట్లు. గంటలో తయారు, వారంలో చెత్తబుట్ట. కొలతలు మాత్రం తప్పుల్లేకుండా ఇచ్చారు.

రెండోదే మా ఇంట్లో నలిగిపోయింది. ముఖ్యంగా మంచు కళ్లజోడు. మంచు మీద పడ్డ ఎండకు కళ్లు దెబ్బతినకుండా ఇనుయిట్‌లు ఎముకతోనో, కొమ్ముతోనో, చెక్కతోనో సన్నటి చీలిక ఉన్న కళ్లజోడు చేసుకునేవారు. మేం సీరియల్ డబ్బా అట్టతో చేశాం. ఏమీ కనపడదేమోనని మొదటిసారి చీలిక వెడల్పుగా కోశాను, దండగైంది. రెండు మిల్లీమీటర్లకు తగ్గించాక మార్చి ఎండలో కూడా కళ్లు చికిలించాల్సిన పనిలేదు. విచిత్రమేమిటంటే, నా అద్దాలు తీసేసి అది పెట్టుకుంటే దూరంగా ఉన్న బోర్డు కాస్త తేటపడింది!

వేళ్లకు తాడు చుట్టి ఆకారాలు చేసే ఆటల పేజీ కూడా బంగారం. ఉత్తరాన ఇగ్లూలిక్ అనే ఊరి వైపు చలికాలంలో వారాల తరబడి సూర్యుడు కనపడడు. అందుకే శరదృతువులో అతన్ని తాడు వలలో చిక్కించుకుని ఆపాలని ఈ ఆట ఆడేవారట. నవంబరులో మాకు నాలుగున్నరకే చీకటి పడుతుంది. "గట్టిగా పట్టుకో అమ్మా, జారిపోతున్నాడు" అంటుంది మా పిల్ల.

ఇనుయిట్‌ల భాష ఇనుక్‌టిటుట్ లిపికి ఒక్క పేజీయే ఇచ్చారు. ఒకే గుర్తును తిప్పుతుంటే పి, పు, ప అవుతుంది. మన గుణింతం నేర్పడానికి నన్ను ఏడిపించిన పిల్ల దీన్ని ఒక్క సాయంత్రంలో పట్టేసింది.

ఇక లోపాలు. చక్కెర ముక్కలతో ఇగ్లూ కట్టమంటారు. జూలై ఉక్కకు అది జిగురుముద్దైంది. అది పోనీ, అందరూ ఎప్పుడూ మంచు ఇంట్లోనే ఉంటారన్నట్టు రాయడం తప్పు. వాళ్ల భాషలో ఇగ్లూ అంటే ఇల్లు, ఎలాంటి ఇల్లయినా సరే. మనిషి ఆకారంలో పేర్చిన రాళ్లను ఇనుక్సుక్ అన్నారు, దాన్ని ఇనున్‌గువాక్ అంటారు. దారి గుర్తుగా పేర్చేది ఇనుక్సుక్. అన్నిటికంటే చిరాకు, పుస్తకమంతా "ఉండేవారు, చేసేవారు" అని, వాళ్లు ఇప్పుడు లేనట్టే రాశారు. ఇనుయిట్‌లు ఎక్కువగా ఉండే కెనడా ప్రాంతం నునావుట్ 1999లో ఏర్పడింది, రాజధాని ఇకలుయిట్‌లో పిల్లలు ఈ పొద్దున కూడా బడికి వెళ్లి ఉంటారు. వాళ్లు వద్దంటున్న "ఎస్కిమో" అనే పాత పేరు రెండుచోట్ల ఉంటే పెన్నుతో కొట్టేశాను.

కొత్తగా కొనేవాళ్లు ఇనుయిట్ రచయితలే రాసినవి వెతుక్కోండి. ఆరేళ్ల లోపు పిల్లలకైతే అట్ట మీరే కోసివ్వాలి. మా పుస్తకం బైండింగ్ ఊడింది, కళ్లజోడు పేజీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.