లెదర్ బ్యాగుకు అక్రిలిక్ ఫినిష్: చాలాకాలం వాడాక

రంగు లెదర్ మీద పూసే అక్రిలిక్ ఫినిష్‌ను (ఆరాక పల్చటి ప్లాస్టిక్ పొరలా మారే ద్రవం) నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఒక్కటే. అది తడిలో కూడా రంగును పట్టి ఉంచుతుంది. పొడిగా ఉన్నప్పుడు రంగు అంటకుండా ఆపడం పెద్ద విశేషం కాదు, ఆ మాత్రం పని మామూలు పాలిష్ కూడా చేస్తుంది. చెమట పట్టాకే అసలు సంగతి బయటపడుతుంది.

నాది మెరూన్ స్లింగ్ బ్యాగు. పైన కోటింగ్ లేకుండా, రంగు తోల్లోకి ఇంకేలా వేసిన రకం. చూడ్డానికి ఎంత బాగుంటుందో తగిలించుకుంటే అంత టెన్షన్. పట్టీ ఒరుసుకున్న చోటల్లా లేత చొక్కా మీద గులాబీ చార పడేది. "కొన్నాళ్లు వాడితే అదే ఆగిపోతుందండీ" అన్నారు అమ్మినవాళ్లు. ఆ కొన్నాళ్లూ ఎవరి చొక్కాల మీద గడవాలో చెప్పలేదు.

ఉప్పు, వెనిగర్ చిట్కాల జోలికి వెళ్లకండి. అవి తోలు రంగును నిలబెట్టవు, తోలును ఎండగడతాయి. నూనె రాస్తే ఇంకా అన్యాయం, వదులుగా ఉన్న రంగు పైకి తేలుతుంది. తేనెమైనం క్రీము కొంత నయం. చల్లటి రోజుల్లో పరవాలేదు గానీ, ఒంటి వేడికీ రాపిడికీ అరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ఫినిష్ పూయడం కష్టమేం కాదు, ముందు చేసే పనే విసుగు. పొడి తెల్లగుడ్డతో తోలును రుద్దుతూనే ఉండాలి, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా. ఆ తర్వాత సగం నీళ్లు కలిపిన ఫినిష్‌ను స్పాంజితో ఒకే దిశలో పల్చగా పూసి, ఆరాక ఇంకోసారి పూయాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే కింది రంగు లేచి చారలు కడుతుంది. చాలామంది పట్టీ పైవైపు మెరిసేలా పూసి వదిలేస్తారు. చొక్కాకు తగిలేది లోపలివైపు కదా! ఆ గరుకువైపు ఫినిష్‌ను పీల్చేసుకుంటుంది, దానికి ఎక్కువసార్లు పూయాలి. అంచులనూ మరవకూడదు.

దీని మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది ఒక వానలో. తల దాచుకోవడానికి చోటు లేదు, ఒంటి మీద తెల్ల కాటన్ చొక్కా, పట్టీ నానిపోయి ఛాతీకి అతుక్కుపోయింది. చొక్కా పోయిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి విప్పి లైటు కింద పరిచి చూశాను. పట్టీ నొక్కుకున్న చోట ముడత, దాని వెంబడి సన్నటి మట్టి గీత, అంతే. నమ్మలేక తడి టిష్యూతో పట్టీని గట్టిగా తుడిచాను. టిష్యూకు మురికే అంటింది, మెరూన్ అంటలేదు.

ఆ రోజు అయితే అడిగినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పేవాణ్ని. ఇప్పుడు కాస్త ఆలోచించి చెబుతాను. బకిల్ దగ్గర పట్టీ రోజూ వంగే చోట ఫినిష్ వెంట్రుకవాసి పగుళ్లిచ్చింది. దగ్గరగా చూస్తేనే కనిపిస్తాయి గానీ, ఆ పగుళ్లలోంచి చెమటతో పాటు రంగు కొద్దిగా దిగుతోంది. అప్పుడప్పుడు అక్కడి వరకు మళ్లీ పూయాల్సి వస్తోంది, పూసిన కొద్దీ ఆ ముక్క బిరుసెక్కుతోంది. బ్యాగు మొదట్లో ఉన్న మెత్తటి కళ కూడా పోయింది. కొంచెం ప్లాస్టిక్ మెరుపు వచ్చింది. తోలు పాతబడుతూ ముదిరే ఆ అందం దీని కింద రాదు, క్రీము రాసినా పైనే జారిపోతుంది. స్వేడ్ (నూగు ఉండే తోలు) వస్తువులకైతే అసలు వద్దు, నూగు మొత్తం అట్టకట్టేస్తుంది.

నాకు చెమట ఎక్కువ, వేసేవి లేత కాటన్లు. కాబట్టి ఈ మెరుపును భరిస్తున్నాను. ముదురు జీన్స్, నల్ల టీషర్టులు వేసేవాళ్లకు ఇంత శ్రమ అనవసరం. కొనే ముందే తడి తెల్లగుడ్డతో బ్యాగు లోపలి మూల ఒకసారి రుద్ది చూసుకుంటే సగం గొడవ తప్పుతుంది. రంగు బెల్టుకు మాత్రం నేనింకా పూయలేదు. అది రోజంతా వంగుతూనే ఉంటుంది, ఈ ఫినిష్ అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందో అనుమానమే. ప్రస్తుతానికి దాన్ని నల్ల ప్యాంట్ల మీదికే వాడుతున్నాను.