యుద్ధకాలపు బ్రిటిష్ లారీలు: 1/76 స్కేల్‌లోనే ఎందుకు

రెండో ప్రపంచ యుద్ధం మోడల్స్ అనగానే అందరూ ట్యాంకులే కొంటారు. ఆ ట్యాంకులకు పెట్రోలు, సైనికులకు తిండి, ఫిరంగులకు గుండ్లు మోసిన లారీలంటేనే నాకు ఇష్టం. ఏళ్లుగా వాటినే పోగేస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు స్కేల్ తేల్చుకోవాలి. నా ఓటు 1/76కే, అంటే పొడవులో అసలు బండికి 76వ వంతు. బ్రిటన్‌లో రైలు మోడల్స్ వాళ్లు వాడేదీ ఇదే స్కేల్ కాబట్టి సరుకు బాగా దొరుకుతుంది. 1/35లో ఒక్క లారీ పట్టే చోట ఇవి నాలుగు పడతాయి.

మోడల్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ డైకాస్ట్ వాళ్ల బెడ్‌ఫర్డ్ క్యూఎల్‌డీ లారీ నా అరలో అన్నిటికంటే ముందుంటుంది. అసలు బండి లూటన్‌లో 1941 నుంచి తయారైన 3 టన్నుల ఫోర్ వీల్ డ్రైవ్. ముక్కు లేకుండా నిటారుగా నిలబడే ఆ ఎత్తైన క్యాబిన్‌ని 8 సెంటీమీటర్ల మోడల్‌లో చక్కగా పట్టుకున్నారు. భూతద్దం పెడితే ముందు భాగంలో యూనిట్ గుర్తులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

చేత్తో కట్టుకోవాలంటే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ క్వాడ్ (ఫిరంగిని లాగే బండి) కిట్ తీసుకోండి. వీపు ఏటవాలుగా ఉండే మోరిస్ బండి, దాని వెనక గుండ్ల పెట్టె, ఆ వెనక 25 పౌండర్ ఫిరంగి. మూడూ తగిలించి వరసగా పెడితే ఫిరంగి దళం ఎలా కదిలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

రంగు విషయంలో టెన్షన్ వద్దు. 1944లో ఆలివ్ డ్రాబ్ అనే ఆకుపచ్చ ఛాయ రంగు వచ్చినా, అప్పటికే గోధుమ రంగులో ఉన్న బండ్లు చాలా అలాగే తిరిగాయి. అరలో రెండూ పక్కపక్కన ఉన్నా చరిత్రకు తప్పు కాదు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన 4వ భారత డివిజన్ గుర్తు ఎర్ర గద్ద. ఇసుక రంగు లారీ ఒకదానికి ఆ గుర్తు డెకాల్ (పల్చటి స్టిక్కర్) అంటించాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ముందు దాన్నే చూపిస్తాను.

పాత డింకీ బ్రాండ్ లోహపు బొమ్మ బండ్లు ఈ స్కేల్‌కి సరిపోవు, అయినా 623 నంబరు కవర్డ్ వ్యాగన్ మీద నాకు మమకారం. యుద్ధానికి ముందు చేసినవి కొనేటప్పుడు మాత్రం తిరగేసి చూడండి. జింకులో సీసం లాంటి మలినాలు కలిసిన పోతల్లో లోహం ఉబ్బి పగుళ్లిస్తుంది. జుట్టంత గీత కనబడినా వదిలేయండి, దానికి మరమ్మతు లేదు.