రెండేళ్ళ పైగా వాడిన రిఫరల్ కిట్: పెట్టడం ఒక పూట, లెక్క కుదరడానికి ఏడాది

రిఫరల్ కిట్ అంటే, ఎవరి లింకుతో ఎవరు యాప్‌లోకి వచ్చారో లెక్క కట్టడానికి మన యాప్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్. మేం వాడేదాని పేరు చెప్పను, అడగొద్దు. ఇంకా వాళ్ళకి బిల్లు కడుతూనే ఉన్నాం, పైగా నేను చెప్పబోయే తిప్పల్లో సగం ఏ కిట్ పెట్టుకున్నా ఎదురయ్యేవే. మాది హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్లకి పొద్దున్నే పాలు, పెరుగు వేసే చిన్న కంపెనీ. ఆండ్రాయిడ్ యాప్ రాసేది నేనొక్కణ్ణే, పాలు రాని రోజు కస్టమర్ల ఫోన్లు ఎత్తేదీ నేనే. పక్క ఫ్లాటు వాళ్ళని యాప్‌లో చేర్పిస్తే ఇద్దరి వాలెట్లలోనూ యాభై రూపాయలు పడతాయి, మా రిఫరల్ పథకం అంతే.

మొదట్లో ఈ రిఫరల్ లింకులకి గూగుల్ వాళ్ళ ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ వాడేవాళ్ళం. దాన్ని ఆపేస్తామని గూగుల్ 2023లోనే చెప్పింది, 2025 ఆగస్టు 25న ఆపేసింది కూడా. మేం అంతదాకా ఆగకుండా 2023 దసరా వెళ్ళగానే ఈ కిట్‌కి మారాం.

పెట్టడానికి పదిహేను నిమిషాలు చాలని వాళ్ళ డాక్స్‌లో ఉంది. గ్రేడిల్‌లో (యాప్‌ని బిల్డు చేసే సాధనం) ఒక లైను, మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు, పర్మిషన్లు ఉండే ఫైలు) కీ, అప్లికేషన్ క్లాసులో ఒక కాల్, నిజంగా అంతే. నాకు మాత్రం సాయంత్రం అయింది, ఎందుకంటే కిట్‌ని మా ప్రాజెక్టు కన్నా కొత్త వెర్షన్ కోట్లిన్‌తో (ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష) కంపైల్ చేశారు, బిల్డు ఎర్రగా అరుస్తూ కూర్చుంది. కోట్లిన్ వెర్షన్ పెంచితే ఇంకో రెండు లైబ్రరీలు అలిగాయి. సరే, అదంతా మామూలే. అసలు దెబ్బ రిలీజ్ బిల్డులో తగిలింది. డీబగ్‌లో రిఫరల్ కోడ్ చక్కగా వస్తోంది, స్టోర్‌లో పెట్టిన యాప్‌లో ఖాళీగా వస్తోంది. రిలీజ్ బిల్డులో కోడ్‌ని కుదించే ఆర్8 అనే సాధనం కిట్ డేటా క్లాసుల్లోని పేర్లన్నీ కుదించేసింది, సర్వర్ పంపే జేసన్ డేటాలోని పేర్లతో అవి కలవడం లేదు. ఆ పేర్లు ముట్టుకోవద్దని చెప్పే కీప్ రూల్స్ రెండు రాస్తే పోయింది. ఆ రూల్స్ కిట్‌తో పాటే రావాలి, ఏడాది తర్వాతి వెర్షన్‌లో గానీ రాలేదు.

ఆ తర్వాత లింకుల గొడవ. నా ఫోన్లో లింకు నొక్కితే నేరుగా యాప్ తెరుచుకుంటుంది, మా సార్ ఫోన్లో అదే లింకు క్రోమ్‌లోకి వెళ్తుంది. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తేలిందేమిటంటే, ఈ లింకులు ఈ యాప్‌వేనని చెప్పడానికి వెబ్‌సైట్‌లో పెట్టే అసెట్‌లింక్స్ ఫైల్లో నేను పెట్టిన ఎస్‌హెచ్ఏ-256 వేలిముద్ర (సంతకం చేసిన కీని గుర్తుపట్టే కోడ్) మా అప్‌లోడ్ కీది, అంటే యాప్‌ని స్టోర్‌కి పంపేటప్పుడు మేం సంతకం చేసేది. ప్లే యాప్ సైనింగ్ ఉన్నప్పుడు జనం ఫోన్లలోకి వెళ్ళేది గూగుల్ దగ్గరుండే కీతో సంతకమైన యాప్, కాబట్టి ప్లే కన్సోల్‌లో (యాప్‌లని స్టోర్‌లో పెట్టే సైటు) యాప్ సైనింగ్ పేజీకి వెళ్ళి అక్కడి వేలిముద్ర తెచ్చుకోవాలి. నా ఫోన్లో ఉన్నది నా లాప్‌టాప్ నుంచి ఎక్కించినది, అందుకే నాకు పనిచేసింది. ఇంకోటి, ఆ ఫైలుకి దారి మళ్ళింపు ఉండకూడదు. మా వెబ్‌సైట్ చూసే కుర్రాడు అన్నిటినీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ వైపు మళ్ళించి పెట్టాడు, వెరిఫికేషన్ మళ్ళీ ఫెయిల్. ఆండ్రాయిడ్ 12 నుంచి వెరిఫై కాని లింకు సీదా బ్రౌజర్‌కే పోతుంది, ఏ యాప్‌లో తెరవాలని అడగడం కూడా ఉండదు. ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు ఇచ్చే సాధనం) పీఎం గెట్-యాప్-లింక్స్ అని కొడితే వెరిఫై అయిందో లేదో అక్కడే కనిపిస్తుంది. ఆ కమాండు మొదటి రోజే తెలిసుంటే ఒక శనివారం మిగిలేది.

ఇక డబ్బు సంగతి, నేను ఇది రాయడానికి అసలు కారణం.

యాప్ లేని మనిషి లింకు నొక్కి, ప్లే స్టోర్‌కి వెళ్ళి, దించుకుని, తెరిచినప్పుడు, ఇతన్ని పంపిందెవరో తెలియాలంటే నికరమైన దారి ఒకటే, ప్లే ఇన్‌స్టాల్ రిఫరర్. లింకులో పెట్టిన కోడ్‌ని ప్లే స్టోరే దాచి యాప్ చేతికిస్తుంది, 90 రోజుల వరకూ ఉంచుతుంది. బాగుంది. కానీ మా వాళ్ళు చేసేదేంటంటే, వాట్సాప్‌లో వచ్చిన లింకుని నొక్కుతారు, ప్లే స్టోర్ తెరుచుకుంటుంది, ఈలోపు కుక్కర్ విజిలొస్తుంది, మూసేస్తారు. సాయంత్రం తీరిగ్గా స్టోర్‌లో మా పేరు టైప్ చేసి దించుకుంటారు. అప్పుడు మా కోడ్ రాదు, ఎవరూ పంపకుండా తనంతట తానే వచ్చినట్టు ఆర్గానిక్ అని వస్తుంది.

అలాంటప్పుడు ఈ కిట్ ఊరుకోదు, ఊహిస్తుంది. ఐపీ (నెట్ కనెక్షన్ చిరునామా), ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ చూసి, కాసేపటి క్రితం ఇలాంటి ఫోన్ నుంచే ఫలానా వాళ్ళ లింకు నొక్కారు కాబట్టి వాళ్ళే పంపి ఉంటారని తేల్చేస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు, ఎందుకంటే ఆ సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఒక ఆదివారం ఒక కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో మేజా వేసుకుని కూర్చున్నాం. వచ్చినవాళ్ళంతా క్లబ్‌హౌస్ వైఫై ఎక్కి యాప్ దించుకున్నారు, సగం మంది చేతిలో ఒకే కంపెనీ ఫోన్లు. అంతకు కాస్త ముందు ఆ వైఫై మీదే ఎవరో, ఒకావిడ పంపిన లింకు నొక్కారట. ఆ లింకు పంపినావిడ ఖాతాలో మధ్యాహ్నానికి పదకొండు మంది పడ్డారు, ఐదు వందల యాభై రూపాయలు. ఆవిడ సంతోషంగా నెయ్యి ఆర్డర్ పెట్టేసుకున్నారు. అదే రోజు నిజంగా నలుగురిని వెంటబెట్టుకొచ్చిన ఇంకో పెద్దావిడకి ఒక్క పైసా పడలేదు.

ఆవిడ ఫోన్ నాకే వచ్చింది. "బాబూ, మా మరిదిగారి కోడల్ని నేనే కదా చేర్పించింది, పక్కనుండి నేనే దింపించాను కూడా. మీ యాప్‌లో నా పేరెందుకు లేదు?"

"చూస్తానమ్మా, కిట్ లెక్కలో ఏదో తేడా వచ్చినట్టుంది."

"కిట్టేంటి బాబూ? యాభై రూపాయల గురించి కాదు, నేను చెప్తేనే కదా వాళ్ళు మీ పాలు పోయించుకుంటున్నారు!"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఊహించే సెట్టింగ్ ఆపేశాను. మొబైల్ నెట్‌లోనూ ఇదే కథ, చాలామంది ఒకే ఐపీ వెనక ఉంటారు, కాబట్టి డబ్బు ముడిపడినచోట ఆ ఊహని అస్సలు నమ్మొద్దు. పెద్దావిడ వాలెట్‌లో రెండు వందలు చేత్తో వేశాను. నెయ్యి ఆవిడని ఏమీ అనలేదు, అనగలమా!

ఆ తర్వాత చేసిన పని చాలా చిన్నది. రిజిస్ట్రేషన్ స్క్రీన్‌లో ఒక గడి పెట్టాం, "మీకు మా గురించి చెప్పినవారి ఫోన్ నంబర్" అని. కిట్ ఇచ్చే ఆరక్షరాల కోడ్ ఫోన్‌లో చెప్పాలంటే నరకం, సున్నానా, ఓనా, అని అరుచుకోవాలి. మరిదిగారి కోడలి నంబర్ అయితే అందరి దగ్గరా ఉంటుంది. ఇప్పుడు మాకొచ్చే రిఫరల్స్‌లో సగానికి పైగా ఆ గడిలోంచే వస్తున్నాయి. లింకులో కోడ్ వస్తే గడిని మేమే నింపేస్తాం, రాకపోతే వాళ్ళే నింపుతారు.

దొంగ లెక్కలూ వచ్చాయి, రాకుండా ఉంటాయా. ఒకే ఫోన్లో ఒక యాప్‌ని రెండుసార్లు పెట్టుకునే డ్యూయల్ యాప్స్‌లో మా యాప్‌ని రెండోది పెట్టుకుంటే కిట్‌కి అది కొత్త ఫోనే, ఫోన్‌ని గుర్తుపట్టే ఆండ్రాయిడ్ ఐడీ మారిపోతుంది కాబట్టి. అందుకని డబ్బు వేసే పని కిట్ నుంచి తీసేసి మా సర్వర్‌కి ఇచ్చాం. ఇన్‌స్టాల్ కబురు వెబ్‌హుక్‌లో, అంటే కిట్ వాళ్ళ సర్వర్ నుంచి నేరుగా మా సర్వర్‌కి వస్తుంది, మేం రాసి పెట్టుకుంటాం, కొత్త ఇంటికి మొదటి వారం పాలు పడి డబ్బు కట్టాకే యాభై వేస్తాం. అదే గుమ్మానికి రెండో ఖాతా అయితే మా పాలబ్బాయే చెప్పేస్తాడు, దొంగ వాడకాన్ని పట్టడానికి పెట్టుకునే ఏ ఇంటెగ్రిటీ ఏపీఐ కన్నా అతనే నయం.

దీనికి సరిగ్గా తలకిందులైన తప్పు ఇంకోటి ఉంది. యాప్ తీసేసి చాలా నెలల తర్వాత, ఈసారి చెల్లెలి లింకుతో మళ్ళీ దించుకున్న ఒకాయనకి రిఫరల్ పడలేదు. ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ పాత షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ని (యాప్ చిన్న చిన్న గుర్తులు దాచుకునే ఫైళ్ళు) తిరిగి తెచ్చిపెట్టింది, అందులో మొదటిసారి తెరవడం అయిపోయిందన్న కిట్ గుర్తు అలాగే ఉంది. కిట్ ఫైలుని బ్యాకప్ రూల్స్‌లోంచి తప్పించాలి, ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక రకం ఎక్స్ఎంఎల్, అంతకు ముందువాటికి ఇంకో రకం.

వాళ్ళ రెడీమేడ్ షేర్ స్క్రీన్ జోలికి మాత్రం వెళ్ళకండి. లైను ఎత్తు ఇంగ్లీషుకి సరిపోయేలా బిగించేశారు, తెలుగు పెడితే కింది వత్తులు కోసుకుపోతాయి. పెద్ద అక్షరాల్లో "ఆహ్వానించండి" అని ఉండాల్సింది మా దగ్గర "ఆహానించండి" అయి కూర్చుంది. మార్చుకునే వీలు లేదు. నేనే సొంతంగా ఒక స్క్రీన్ రాసుకున్నాను, వాట్సాప్ బటన్ ఒకటి, నంబర్ ఒకటి, అంతే.

ఒక అప్‌డేట్‌లో చెప్పకుండా యాడ్ ఐడీ పర్మిషన్ కూడా తెచ్చి మా మానిఫెస్ట్‌లో కలిపేశారు. ప్రకటనల ఐడీ వాడట్లేదని ప్లే కన్సోల్‌లో మేం చెప్పిందానికి అది పొసగక రిలీజ్ ఆగింది. మా మానిఫెస్ట్‌లో టూల్స్ నోడ్ రిమూవ్ అని రాసి ఆ పర్మిషన్‌ని తీసేశాను. అప్పట్నుంచీ కిట్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ మాదీ కిట్‌దీ కలిసి మెర్జ్ అయిన మానిఫెస్ట్ తెరిచి చూస్తున్నాను, మీరూ చూడండి.

మంచి కూడా చెప్పాలి. లింకులు పడిపోవడం నేను ఒక్కసారే చూశాను, అదీ అరగంట. వెబ్‌హుక్ ఆలస్యమైనా తప్పిపోదు. సపోర్ట్ వాళ్ళు మర్నాటికి జవాబిస్తారు, కానీ మొదటి జవాబు ఎప్పుడూ డాక్స్ లింకే. డ్యాష్‌బోర్డ్ మా సార్‌కి తెగ నచ్చింది, ఏ అపార్ట్‌మెంట్ నుంచి ఎంతమంది వచ్చారో పొద్దున్నే కాఫీతో చూసుకుంటారు.

బిల్లు దగ్గరే మాకు మండుతుంది. నెలలో యాప్ తెరిచిన ప్రతి మనిషికీ లెక్క కడతారు, అదీ డాలర్లలో. మాది పాల యాప్, రేపు వద్దని చెప్పడానికైనా అందరూ తెరుస్తారు. రిఫరల్‌తో సంబంధం లేని పాత కస్టమర్లకి కూడా కట్టాల్సి వస్తోంది. అందుకని ఈ మధ్య కిట్‌ని యాప్ తెరవగానే కాకుండా, లాగిన్ కాని వాళ్ళకీ, షేర్ స్క్రీన్ తెరిచిన వాళ్ళకీ మాత్రమే మొదలయ్యేలా మార్చాను. పాతవాళ్ళు లింకు నొక్కితే దాన్ని నేరుగా మా యాపే తెరుస్తుంది కాబట్టి దానికి కిట్ అక్కర్లేదు. మొదటి నెల బిల్లు ఇంకా రాలేదు. తగ్గితే ఇంకో ఏడాది ఉంచుతాం, తగ్గకపోతే ఇన్‌స్టాల్ రిఫరర్ లైబ్రరీనీ ఆ ఫోన్ నంబర్ గడినీ పెట్టుకుని నేనే రాసేస్తానని సార్‌తో అనేశాను. ఆయన డ్యాష్‌బోర్డ్ కూడా నువ్వే చేస్తావా అని అడిగారు, అక్కడే ఆగాం.