తేదీ చించి చదువుకునే చరిత్ర

విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో డిసెంబరు వచ్చేసరికి పంచాంగాల పక్కన దొంతరగా పేర్చి అమ్మే రోజువారీ క్యాలెండర్లలో ఒకదాన్ని మా ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాము. అది రోజుకో కాగితం చించేసే రకం. ముందువైపు అన్నింటిలాగే తేదీ, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం ఉంటాయి. వెనకవైపు మాత్రం ఆ తేదీన ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, లోకంలో ఏం జరిగిందో కాస్త హాస్యం కలిపి రాస్తారు. ఇందులోని లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక ప్రచురణకర్త పేరు రాయడం లేదు. వెనక చరిత్ర ఉండే క్యాలెండర్ అని అడిగితే దుకాణంలో వాళ్లే తీసి ఇస్తారు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. ఈ క్యాలెండర్ తేదీలతో ఆడుకున్నప్పుడు చక్కగా నవ్విస్తుంది, మనుషులతో ఆడుకున్నప్పుడు చతికిలబడుతుంది.

కాగితం, అచ్చు, అట్ట గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. కాగితం పలుచన, వెనక అక్షరాలు ముందుకు కొంచెం కనిపిస్తాయి. బెజవాడ మే నెల ఎండకు పైన అంటించిన జిగురు మెత్తబడి, ఫ్యాను వేస్తే ఒక్కోసారి రెండు మూడు రోజులు కలిసి ఊడి వస్తాయి. పెద్ద క్లిప్పు పెడితే ఆ బాధ తీరుతుంది.

జూలై 4 కాగితాన్ని నేను చించి కూడా పారేయకుండా దాచుకున్నాను. 1826లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజునే, దాని మీద సంతకాలు చేసిన ఇద్దరు మాజీ అధ్యక్షులు, థామస్ జెఫర్సన్, జాన్ ఆడమ్స్, కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. చివరి ఘడియల్లో ఆడమ్స్ జెఫర్సన్ ఇంకా ఉన్నాడని అన్నట్టు చెబుతారు. అప్పటికే జెఫర్సన్ పోయి కొన్ని గంటలైంది కానీ, టెలిగ్రాఫ్ ఇంకా రాని ఆ కాలంలో పాపం ఆ మాటను దిద్దేవారెవరూ లేకపోయారని క్యాలెండర్ వ్యాఖ్యానిస్తుంది. 1831లో మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా అదే తేదీన పోయాడు. 1836లో జేమ్స్ మాడిసన్ వంతు వచ్చింది. జూలై 4 దాకా ప్రాణం నిలిచేలా మందులిస్తామని వైద్యులు అంటే, ఆయన అక్కర్లేదని చెప్పి జూన్ 28నే వెళ్లిపోయాడు. ఉత్తరాయణం వచ్చేదాకా అంపశయ్య మీద ఆగిన భీష్ముడి కథ వింటూ పెరిగినవాళ్లకు ఆరు రోజుల కోసం ఇంత తొందరేమిటో అర్థం కాదని దాని కింద ఒక ముక్తాయింపు. అమెరికా సంగతి చెబుతూ భారతంలోకి ఇంత సహజంగా జారుకోవడం ఈ రచయితకు బాగా పట్టుబడిన విద్య.

అదే కాగితం మీద అల్లూరి సీతారామరాజు జననం (1897), వివేకానందుడి నిర్యాణం (1902), మేరీ క్యూరీ మరణం (1934) కూడా ఉన్నాయి. 1963లో అదే తేదీన పింగళి వెంకయ్యగారు పోయారు. ఆయనకు లోకం పెట్టిన పేర్లను క్యాలెండర్ వరసగా ఇస్తుంది: కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు పత్తి వెంకయ్య, 1913లో బాపట్లలో జపాను భాషలో ప్రసంగించినందుకు జపాన్ వెంకయ్య, వజ్రాల మీద అధ్యయనం చేసినందుకు డైమండ్ వెంకయ్య, చివరికి జెండా వెంకయ్య. ఇన్ని పేర్లున్న మనిషికి చరమాంకంలో చేతిలో డబ్బు మాత్రం లేదని చెప్పి ఊరుకుంటుంది. అక్కడ హాస్యం చేయకపోవడం నాకు నచ్చింది.

ఫిబ్రవరి 29 కాగితం నాలుగేళ్లకొకసారి గానీ రాదు కనుక దాన్ని మరింత శ్రద్ధగా రాస్తారు. మొరార్జీ దేశాయి 1896లో ఆ తేదీన పుట్టారు. 1900 సంవత్సరం నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు కనుక ఆయన మొదటి పుట్టినరోజు 1904 దాకా రాలేదు. అంటే పిల్లవాడికి ఎనిమిదేళ్లు నిండాక మొదటి పుట్టినరోజు. ఆ లెక్కన 1977 మార్చి 24న ప్రధానమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయనకు పుట్టినరోజులు 19 మాత్రమే. అప్పట్లో ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు పోటీ చేయడానికి 25 నిండాలి. కనుక ఓటు వేయడానికే అర్హత లేని కుర్రవాడు దేశాన్ని ఏలాడని క్యాలెండర్ తేల్చింది. 1995లో పోయేనాటికి కూడా ఆయన పుట్టినరోజుల లెక్క 23 దగ్గరే ఆగింది. నేను కాగితం, పెన్సిలు పెట్టుకుని సరిచూశాను, లెక్క తప్పలేదు. నవ్వంతా అంకెల్లోనే ఉంది, ఆయన ఆహార నియమాల జోలికి ఎక్కడా పోలేదు.

అక్టోబరు 4 వెనకవైపు మా ఇంట్లో చిన్న గొడవే తెచ్చింది. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ పాత జూలియన్ లెక్కను దిద్దినప్పుడు, ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల్లో అక్టోబరు 4 గురువారం పడుకున్నవాళ్లు అక్టోబరు 15 శుక్రవారం లేచారు. వారం వరస తప్పలేదు, తేదీలు మాత్రం పది ఎగిరిపోయాయి. స్పెయిన్‌కు చెందిన సన్యాసిని అవిలా తెరెసా సరిగ్గా ఆ రాత్రే పోయారు. పోయిన రోజుతో కలిపి లెక్కపెట్టే మన పద్ధతిలో చూస్తే, తెల్లవారేసరికి పన్నెండో రోజు వచ్చేసినట్టు. మన పురోహితులైతే ఏ రోజు కర్మ ఎప్పుడు చేయించాలో తేల్చుకోలేక సంచి సర్దుకుని వెళ్లిపోయేవారని రచయిత చమత్కారం. మా అత్తగారికి అది రుచించలేదు. పూజగది పక్క గోడకు తగిలించే దాని మీద కర్మల ప్రసక్తి ఏమిటని ఆవిడ ప్రశ్న. ఆ ఏడాది నుంచి క్యాలెండర్ హాల్లోకి మారింది, వచ్చినవాళ్లందరూ చదవడం మొదలుపెట్టారు.

ఈ లెక్కల మార్పు మీదే క్యాలెండర్ మరికొన్ని మంచి కాగితాలను నడిపింది. ఏప్రిల్ 23న, 1616లో, షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ ఒకేరోజు పోయారని మొదట్లో అందరిలాగే ఇదీ రాసేది. తరవాతి సంచికల్లో సరిదిద్దారు: స్పెయిన్ అప్పటికే కొత్త లెక్కలో ఉంది, ఇంగ్లండ్ 1752 దాకా పాత లెక్కలోనే ఉండిపోయింది; కనుక తేదీ ఒకటే అయినా ఇద్దరి మధ్య పది రోజుల ఎడం ఉంది; పైగా సెర్వాంటిస్ నిజానికి పోయింది 22న, 23 ఖననం జరిగిన రోజు. న్యూటన్‌కైతే రెండు కాగితాలు దక్కాయి. ఇంగ్లండు పాత లెక్కలో ఆయన 1642 డిసెంబరు 25న పుట్టాడు, కొత్త లెక్కలో 1643 జనవరి 4న. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని చెప్పుకునే మాట ఒకరి తేదీని కొత్త లెక్కలో, మరొకరి తేదీని పాత లెక్కలో తీసుకుంటే గానీ నిలవదని డిసెంబరు 25 కాగితం చెబుతుంది. గెలీలియో 1642 జనవరి 8న పోతే సరిగ్గా 300 ఏళ్లకు అదే తేదీన స్టీఫెన్ హాకింగ్ పుట్టడం, ఆ హాకింగ్ 2018లో ఐన్‌స్టీన్ పుట్టిన మార్చి 14న పోవడం మాత్రం ఏ సర్దుబాటూ అక్కర్లేని నిజాలు. రష్యాలో పాత లెక్క నడిచినప్పుడు వచ్చిన అక్టోబరు విప్లవ వార్షికోత్సవం నవంబరు 7న ఎందుకు జరుపుతారన్నది ఎర్రజెండాల ఊరైన బెజవాడకు ఎవరూ వివరించనక్కర్లేదనుకున్నారేమో, ఒక్క వాక్యంతో ముగించారు.

మన ప్రాంతపు సంగతులకు వస్తే మార్చి 31 కాగితం అన్నింటికంటే మేలైనది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమై, జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలనీ, కోటిమంది సభ్యులను చేర్చాలనీ, 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలనీ తీర్మానించింది. ఆర్థిక సంవత్సరం చివరి రోజున టార్గెట్లు పెట్టడం మన బ్యాంకులవాళ్లు కనిపెట్టిన పద్ధతి కాదని, దానికి గాంధీగారి సాక్ష్యం ఉందని క్యాలెండర్ అంటుంది. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిందీ ఆ సమావేశాలప్పుడే. ఏప్రిల్ 1న ఇంత పెద్ద పని జరిగిన ఊళ్లో పిల్లలు ఆ రోజును చొక్కాల మీద సిరా చల్లడానికి వాడుకున్నారని చివరి మాట. చొక్కా తడిసిన వాళ్లలో నేనూ ఉన్నాను కనుక ఈ మాటను సమర్థిస్తున్నాను.

జూలై 15 కాగితం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ, 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో పద్నాలుగేళ్ల వాలంటీరుగా ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వదల్లేదు. నిర్వాహకులు టికెట్ కొని తెచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. ముప్ఫై ఏళ్ల తరవాత, 1953లో, ఆవిడకూ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌కూ జరిగిన పెళ్లికి సాక్షుల్లో ఒకరు అదే నెహ్రూ. ఆ రోజు మాత్రం ఆయన్ను టికెట్ అడిగినవారు లేరు. ఈ రచయిత మనుషుల మీద చేసిన హాస్యంలో నాకు పూర్తిగా నచ్చింది ఇదొక్కటే. అందులోనూ నవ్వు పుట్టేది ఆవిడ చేసిన పనిలోంచే.

రాష్ట్రానికి మూడు పుట్టినరోజులు ఎలా వచ్చాయో మూడు కాగితాల్లో సర్దారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న విభజన. కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు దక్కగా విజయవాడకు ఆ రెండు ఊళ్లకూ వెళ్లే రైళ్లు దక్కాయన్న చమత్కారం మా వీధిలో బాగా తిరిగింది. గుంటూరులో ఉండే మా తోడల్లుడుగారు మాత్రం దాన్ని చదివి, ఆ హైకోర్టు రెండేళ్లు దాటగానే హైదరాబాదు వెళ్లిపోయిందని గుర్తుచేసి నవ్వలేదు.

జూలై 1 కాగితం మీద పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బి.సి. రాయ్ పుట్టింది (1882), పోయింది (1962) ఆ తేదీనే అని రాసి, మిగిలిన జాగా అంతా బడిలో చేర్చిన రోజున మాస్టారు నిర్ణయించిన పుట్టినరోజులకు వదిలేశారు. పెద్దతరంలో ఎంతోమందికి రికార్డుల్లో ఉన్నది అదే తేదీ. నెల మొదటి తేదీన పుట్టిన ప్రభుత్వోద్యోగి ముందు నెల ఆఖరి రోజునే రిటైరు కావాలి కనుక జూన్ 30 సాయంత్రం శాలువాలకు గిరాకీ పెరుగుతుందని కూడా రాశారు. మా నాన్నగారు కూడా ఆ కోవలోని వారే. ఆ కాగితం చదివి, తన అసలు పుట్టినరోజు శ్రావణమాసంలో గోదావరికి పెద్ద వరద వచ్చిన మర్నాడని మరోసారి వివరించారు.

ఇక మెచ్చుకోలేనివి. సినిమావాళ్ల పుట్టినరోజుల దగ్గరికి రాగానే ఈ రచయితకు ధైర్యం పోతుంది. అభిమానులు ఏమంటారోనని కాబోలు, చమత్కారం మాని బిరుదులు వల్లిస్తాడు. అదే, తన వైపు మాట్లాడేవారు లేని పాతకాలపు విదేశీ రాజుల విషయంలో బట్టతలలూ, పొట్టలూ, ముక్కులూ అన్నీ హాస్యవస్తువులే. ప్రపంచ దినోత్సవాల పేర్లు కూడా మరీ ఎక్కువ. ఏమీ దొరకని రోజున జాగా నింపడానికి వాటిని వాడుకుంటున్నారని తెలిసిపోతూనే ఉంటుంది. పింగళి వెంకయ్యగారి జన్మ సంవత్సరం ఆగస్టు 2న ఒక ఏడాది 1876 అని, మరో ఏడాది 1878 అని అచ్చయింది. రెండూ వాడుకలో ఉన్నవే గానీ, ఆ మాట పాఠకుడికి చెప్పి ఉండాల్సింది.

నాకు అన్నింటికంటే కష్టం కలిగించింది సెప్టెంబరు. 1895 సెప్టెంబరు 10న విశ్వనాథ సత్యనారాయణ, అదే నెల 28న గుర్రం జాషువా పుట్టారు. పద్దెనిమిది రోజుల ఎడంలో ఇద్దరు మహాకవులు, ఒకరు కృష్ణాజిల్లాలో, ఒకరు ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండలో. తేదీలతో ఇంత నేర్పుగా ఆడుకునే రచయితకు ఈ పద్దెనిమిది రోజులు కనబడకపోవడం విచిత్రం. విశ్వనాథకు కాగితం నిండా జాగా ఇచ్చి, జాషువాకు వచ్చేసరికి లతా మంగేష్కర్ పుట్టినరోజు కింద ఒక్క పంక్తి మిగిల్చారు. లతగారి మీద నాకేమీ కోపం లేదు. కానీ జాషువా గుంటూరులోనే 1971 జూలై 24న కన్నుమూశారు. అది కృష్ణా, గోదావరుల మీద ఆనకట్టలు వేయించిన ఆర్థర్ కాటన్ 1899లో పోయిన తేదీ కూడా. ఇంతటి సంగతి ఉన్న ఆ జూలై 24 కాగితం మీద రెండేళ్లు వరసగా ఏదో దేశంలో దొరికిన అతి పెద్ద గుమ్మడికాయ గురించి రాశారు. దీని మీద ఉత్తరం రాశాను. జవాబు రాలేదు గానీ మరుసటి సంచికలో గుమ్మడికాయ పోయి కాటన్ దొర వచ్చాడు. జాషువా ఇంకా రావాలి.

బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి ఇది తప్పకుండా పనికొస్తుంది. అయితే వెనకవైపు చదివి పరీక్షలో రాసే ముందు తేదీలను మరోచోట సరిచూసుకోమని చెప్పాలి. వర్జ్యం, రాహుకాలం చూసుకోవడానికి మాత్రమే క్యాలెండర్ కావాలనుకునేవారికి పెద్ద అక్షరాలతో ఇంతకంటే చౌకైనవి చాలా దొరుకుతాయి. డిసెంబరు రెండో వారానికల్లా కొనడం మేలు. సంక్రాంతి దాటాక ధర తగ్గించి ఇస్తారు కానీ, అప్పటికే న్యూటన్ రెండో పుట్టినరోజూ, గెలీలియో, హాకింగ్‌ల కాగితమూ దుకాణదారే చించేసి ఉంటాడు.