దూది పరుపు, రజాయి, బొంత: ఒకే కొట్టు పని తొమ్మిదేళ్లు వాడాక

వాడినవి: 4×6 అడుగుల పత్తి దూది పరుపులు రెండు, బూరుగు దూది దిండ్లు నాలుగు, రజాయిలు రెండు, పాత చీరల బొంత ఒకటి. అన్నీ పేటలోని ఒకే పరుపుల కొట్టులో కుట్టించినవే. ఈ తొమ్మిదేళ్లలో పరుపులు రెండుసార్లు విప్పి ఏకించడం (అణిగిన దూదిని మిషన్‌లో విడదీయించి పొంగేలా చేయించడం), దిండ్లలో దూది రెండుసార్లు మార్పించడం అయింది. కొత్త పరుపు ఎవరైనా బాగానే కుట్టిస్తారు. మూడేళ్లకు అదే పరుపు విప్పి, అదే దూది ఏకి, తూకం చూపించి తిరిగి కుట్టినప్పుడే కొట్టు సంగతి బయటపడుతుంది. ఆ లెక్కన ఈ కొట్టుకు తూకంలో నూటికి 90, కుట్టులో 70, చెప్పిన రోజుకు ఇవ్వడంలో 30 మార్కులు.

ముందు తూకం సంగతి. కిలో దూదికి ఇంత, గుడ్డకు ఇంత, కుట్టుకూలి ఇంత అని విడివిడిగా చెప్పే కొట్టుకే వెళ్లాలి. ‘డబుల్ పరుపు ఇంత’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే లోపల 14 కిలోలు ఉన్నాయో 10 ఉన్నాయో కుట్టేశాక ఎవరికీ తెలియదు. కుట్టిన పరుపును కాటా మీద పెట్టి చూపించడం కూడా లెక్కలోకి రాదు, 4×6 పరుపుకు గుడ్డ బరువే కిలో దాటుతుంది. ఏకిన దూదిని గుడ్డలో వేయకముందే మన ఎదుట తూచాలి. కొత్త దూదైతే ఏకిన తర్వాతి తూకానికే డబ్బు, తరుగు కొట్టువాళ్లదే. 14 కిలోలు వేస్తే కొత్తలో 5 అంగుళాల మందం వస్తుంది, ఆరు నెలల్లో మూడున్నరకు దిగి అక్కడ ఆగుతుంది. 10 కిలోల పరుపు కూడా కొట్టులో అంతే ఉబ్బుగా కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి మంచం పట్టీలు వీపుకు తగులుతాయి.

ముసురు రోజుల్లో దూది కొనకూడదు. పత్తి మామూలు రోజుల్లోనే 8 శాతం దాకా తేమ పట్టి ఉంటుంది, వానల్లో ఇంకాస్త పీల్చుకుంటుంది. ఆ నీళ్లకూ కిలో లెక్కనే కడతాం. పైగా చెమ్మగిల్లిన దూది మిషన్‌లో విడివడదు, ఉండలు చుట్టుకుంటుంది. మార్చి నుంచి మే దాకా అసలైన కాలం. బూరుగు కాయలు పగిలేదీ అప్పుడే. పెళ్లి సారె పరుపుల రద్దీ కూడా అప్పుడే కాబట్టి ఫిబ్రవరిలోనే చెప్పి ఉంచుకోవాలి.

దూది ఎంపికలో చాలామంది పొరపడేది ఒకచోట. నూలుకు పనికొచ్చే పొడవైన మెత్తని పీచు పరుపుకు కూడా శ్రేష్ఠమనుకుంటారు. నిజానికి పొట్టిగా, కాస్త గరుకుగా ఉండే పీచే బరువు పడ్డాక మళ్లీ లేస్తుంది, మెత్తని పీచు తొందరగా అణిగి పలకలా అవుతుంది. అందుకే శుభ్రమైన మిల్లు వేస్టు (నూలు మిల్లులో మిగిలిపోయే పొట్టి పీచు) పావు వంతు కలిపితే మోసమనక్కర్లేదు. చెప్పకుండా కలిపి మొత్తానికి పత్తి ధర తీసుకుంటేనే మోసం. రంగు దారాల ముక్కలు కనిపించే దూది మాత్రం వద్దు. అది చింపిన గుడ్డపీలికల నుంచి తీసింది, ఒక్కసారి ఏకగానే పొడి అయిపోతుంది.

బూరుగుకు, పత్తికి తేడా పట్టడానికి చిటికెడు దూది చాలు. అరచేతుల మధ్య పెట్టి దీపం వత్తిలా చేయండి. పత్తి వత్తి నిలుస్తుంది, బూరుగు పీచు నున్నగా జారిపోయి విడిపోతుంది. నీళ్ల పరీక్ష కూడా ఉంది గానీ దాన్ని సగం సగం చేస్తే తప్పుదోవ పడతాం. మిల్లు నుంచి వచ్చిన పచ్చి పత్తికీ మైనం ఉంటుంది కాబట్టి అదీ కాసేపు తేలుతుంది. నీళ్లలో ముంచి వేళ్లతో గట్టిగా పిసికి వదలాలి. పత్తి తడిసి మునుగుతుంది, బూరుగు మళ్లీ పైకి వస్తుంది. ఫైబర్ (పాలిస్టర్ పీచు) కలిపారేమోనని అనుమానమైతే కొంచెం కాల్చండి. పత్తి కాగితం వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది, ఫైబర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. బూరుగు దూదిలో చెయ్యి పెట్టి గింజలు తగులుతున్నాయేమో కూడా చూడాలి. గింజలో నూనె ఉంటుంది, దానికోసం ఎలుకలు దిండు కొరుకుతాయి.

గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా కాంతి రాకూడదు, ముఖ్యంగా బూరుగుకు. పలచని గుడ్డలోంచి ఆ పీచు రోజూ రాలి ముక్కులోకి పోతుంది. 36 అంగుళాల పన్నా గుడ్డ ఒక్కో పరుపుకు ఆరున్నర మీటర్లు పట్టింది.

కుట్టులో 70 ఎందుకంటే, మొదటి పరుపుకు గుడ్డను సరిగ్గా మంచం కొలతకే కత్తిరించారు. దూది నింపి ముడులు వేశాక పరుపు పొడవులోనూ వెడల్పులోనూ 2, 3 అంగుళాలు దగ్గరికి లాక్కుంటుంది. మంచం తలవైపు ఖాళీ సందు మిగిలి, దిండు అందులోకి జారేది. రెండో పరుపుకు పొడవులోనూ వెడల్పులోనూ 3 అంగుళాల చొప్పున ఎక్కువ పెట్టమని చెప్పాక సరిపోయింది. ఈ మాట కొట్టువాళ్లే చెప్పాలి, మనం నేర్పేది కాదు.

ముడుల లెక్క కూడా అడగాలి. దబ్బనంతో పురికొస కింది దాకా దించి వేసే ముడి ప్రతి 8 అంగుళాలకు ఒకటి ఉండాలి. 4×6 పరుపుకు అడ్డంగా 5, నిలువుగా 8, మొత్తం 40. పని తొందరలో 24 వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అలాంటి పరుపులో నడుము దగ్గరి దూది ఆరు నెలల్లో పక్కలకు జరిగి గుంట పడుతుంది. ముడి కింద గుడ్డముక్కో తోలుబిళ్లో లేకపోతే పురికొస గుడ్డను కోసేస్తుంది. అంచును లోపలి దూదితో కలిపి రెండు వరుసలు కుట్టించుకుంటే అంచు మీద కూర్చున్నప్పుడు పరుపు కిందికి జారదు. దానికి వేరే కూలి అడిగారు, ఇవ్వదగ్గదే.

ఇక మళ్లీ ఏకించడం. పరుపు అణిగి, తిరగేసి ఎండబెట్టినా పొంగకపోతే సమయం వచ్చినట్టు. సుమారుగా మూడేళ్లు. ముందురోజు పరుపు విప్పి దూదిని డాబా మీద పరిచి ఎండబెట్టాలి. ఈ పని కొట్టువాళ్లు చేయరు, చేయకపోతే ఏకుడు సరిగ్గా రాదు. మొదటిసారి 14 కిలోల పాత దూది ఏకితే 12 కిలోల 800 గ్రాములు మిగిలింది, అంటే కిలో చిల్లర దుమ్ము కింద పోయింది. కిలోన్నర కొత్త దూది కలిపితే పాత మందం వచ్చింది. రెండోసారి తరుగు ఇంకా ఎక్కువ. మిషన్ ముళ్లు తగిలిన ప్రతిసారీ పీచు తెగి పొట్టిదవుతుంది కదా. మూడో ఏకుడు తర్వాత ఆ దూది పరుపుకు పనికిరాదు, కూర్చునే మెత్తలకు వాడుకోవాలి. ఈ విషయం అడగకుండానే చెప్పింది ఈ కొట్టే. కొత్త దూది అమ్ముకోవడానికి ‘ఇదంతా పారేయండి’ అనే కొట్లూ, కూలి కోసం పొడినే మళ్లీ ఏకిచ్చే కొట్లూ కూడా ఉన్న చోట ఆ ఒక్క మాటకు విలువ ఉంది.

మన దూది మనకే వస్తుందా అన్న భయం అందరికీ ఉంటుంది. ఏకేటప్పుడు దగ్గర నిలబడటం తప్ప వేరే మందు లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లండి, ఆ దుమ్ము మంచిది కాదు. వీధిలోకి ట్రాలీ ఆటోలో మిషన్ తెచ్చి ఇంటి ముందే ఏకేవాళ్లతో ఈ భయం ఉండదు గానీ, వాళ్ల కుట్టు తొందరపాటు కుట్టు. వాళ్లచేత ఏకించుకుని, కుట్టుకు కొట్టుకు ఇవ్వడం కుదిరితే అదే మేలు. బూరుగును మాత్రం మిషన్‌లో వేయనివ్వద్దు, ఆ పీచు పెళుసు. ఎండలో పెట్టి సన్నని కర్రతో తడితే తనంతట పొంగుతుంది. 16×24 అంగుళాల దిండుకు 900 గ్రాములు వేయించాం. మూడు, నాలుగేళ్లకు పీచు నలిగి దిండు పలచబడింది, దూది మార్చడమే.

రజాయి సంగతి వేరు. 60×90 అంగుళాలకు ఆదిలాబాద్, అరకు చలిలో 2 కిలోలు కావాలి, కోస్తాలో కిలోంబావు చాలు. బరువు కన్నా కుట్టు వరుసల మధ్య దూరం ముఖ్యం. 4 అంగుళాలకు మించితే దూది ఒక్క చలికాలంలోనే కాళ్లవైపు చేరుతుంది. మా రెండింట్లో ఒకటి 4 అంగుళాలది, ఒకటి 8 అంగుళాలది. రెండోదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో వట్టి గుడ్డే మిగిలింది. దూది రజాయిని ఉతక్కూడదు, తడిస్తే గడ్డకడుతుంది. జిప్పున్న గలీబు ఒకటి ముందే కుట్టించుకుని దాన్నే ఉతుక్కోవాలి.

బొంతను ఎన్నిసార్లయినా ఉతకొచ్చు, చంటిపిల్లలున్న ఇంట్లో దానికి సాటి లేదు. 5×7 అడుగుల బొంతకు మూడు నూలు చీరలతో ఐదు పొరలు వచ్చాయి. చీరలన్నీ గంజి పోయేలా ఉతికి ఇవ్వాలి. కొత్త గుడ్డ ఒక్క పొర కలిసినా అది ఉతుకులో కుంచించుకుపోయి మిగతా పొరలను ముడతలు పెడుతుంది. జరీ అంచులు ముందే కత్తిరించేయాలి, గుచ్చుకుంటాయి. మధ్యలో సింథటిక్ చీర పెడితే పొరలు జారతాయి, చెమట పీల్చదు. దారం నూలుదే అడగండి. పాలిస్టర్ దారం తెగదు గానీ నలిగిన పాత గుడ్డను కోసేస్తుంది. ఇక్కడ కొట్టు చేసింది సగం పనే. మిషన్ మీద అడ్డంగా నిలువుగా కుట్టి ఇచ్చారు, గట్టిగా ఉంది, కానీ చేతికుట్టు బొంత మెత్తదనం రాలేదు. చేత్తో కుట్టే ఆడవాళ్ల చిరునామా అడిగితే చెప్పే కొట్టు కావాలి. ఈ కొట్టు చెప్పలేదు.

వాడకంలో మనవైపు పని కూడా ఉంది. పదిహేను రోజులకోసారి మూడు గంటలపాటు ఎండ, నెలకోసారి తల కాళ్లు మార్చి తిరగేయడం. అడుగున రంధ్రాల్లేని ప్లైవుడ్ పెట్టె మంచం మీద దూది పరుపు వేస్తే కింద చెమ్మ చేరి ముక్కవాసన వస్తుంది, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల మరీను. పట్టీల మంచమే దీనికి సరైనది. ఎండ తగిలే డాబా గానీ బాల్కనీ గానీ లేనివాళ్లు, దుమ్ము పడనివాళ్లు దూది పరుపు జోలికి పోకపోవడమే మంచిది.

చివరికి ఆ 30 మార్కుల సంగతి. పరుపు ఏకడానికి ఇచ్చిన రాత్రి ఇంట్లో పడుకోవడానికి వేరే పరుపు ఉండదు. పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి ఇవ్వడం ఈ పనిలో అసాధ్యమేమీ కాదు. రెండుసార్లూ ‘రేపు’ అని చెప్పి నాలుగో రోజు ఇచ్చారు. రెండోసారి దూది మూడు రోజులు కొట్టు బయటే మూటలో పడి ఉండి మళ్లీ చెమ్మ పట్టింది. ఇప్పుడు చీటీ మీద తేదీ, ఏకకముందు తూకం, ఏకాక తూకం మూడూ రాయించుకుని, కుట్టుకూలిలో సగం పరుపు మంచం మీదికి చేరాకే ఇస్తున్నాం.